స్వల్పవ్యయ యాత్ర – అతిథిధర్మము

యాత్ర జ్ఞానమునకు హేతువని యన్ని దేశములవారును అంగీకరించిరి. మనవారు దానిని తీర్థయాత్రగ పుణ్యముతో ముడివేసిరి. పాశ్చాత్యులు దేశాటనమును విద్యలో నొక భాగముగ నెంచిరి. బావిలోని కప్ప బ్రతుకును ఎవ్వరును మెచ్చరు. కావున యాత్ర మంచిదా కాదా యను చర్చ యిచ్చట ననవసరము. ఈ వ్యాసమున విచారింపదలచిన ప్రశ్న వేఱు. మిక్కిలి కొద్ది ధనముతో మిక్కిలి దూరము తిరిగివచ్చుట గొప్పగ చెప్పుకొనదగినదేనా? తక్కువ వ్యయ మనునది యెల్లప్పుడును సద్గుణమేనా? మనము వ్యయపెట్టని ధనమును మనకు మాఱుగ మఱియెవ్వరైన చెల్లించుచున్నారా?

ఈ కాలమున వీపున నొక సంచి తగిలించుకొని, చౌక హాస్టళ్లలో పండుకొనుచు, ఊరిబస్సులలో తిరుగుచు, దేశదేశములు చూచివచ్చు యువకులు పెక్కురు గలరు. దీనినే బ్యాక్‌ప్యాకింగని వాడుకగ చెప్పుదురు. ఇట్టివారికి ప్రియమైన తావులలో కరీబియను సముద్రపు పడమటితీరమును, దాని నంటియున్న దీవులును ముఖ్యములు. కఱవుసీమలోని నల్లమాడలో నుండి బడిపాఠములు చెప్పుకొనువానికి ఆ సముద్రముతో నేమి పని యని పాఠకులు ప్రశ్నింపవచ్చును. మా పాఠశాలలో చదివి, బెంగుళూరున కంప్యూటరు కొలువు చేయుచున్న యొక రైతుబిడ్డ కోస్తారికా, పనామా దేశముల తీరమున రెండు నెలలు తిరిగివచ్చి, తన యాత్రావిశేషముల నాకు వినిపించెను. అతడు చూచిన పగడపుదిబ్బలను, అడవులను, అచ్చటి జనుల పాటలను గుఱించి చెప్పినంతసేపును విని సంతసించితిని. కాని యాతని కథలో సగము బేరముల కథ. పడవవాడు ఎంత యడిగెను, తా నెంత కొప్పించెను. గది యెంత చెప్పిరి, తా నెంతకు పొందెను. ఇది మంచిదేనా యని యడిగితిని. “సార్, వాళ్లు ఒప్పుకొనే ఇచ్చినారు కదా!” యని యాతడు బదులు చెప్పెను. ఆ మాట తేలికగ త్రోసివేయదగినది కాదు. అందుచేతనే దీనిని పదుగురి యెదుట నుంచుచున్నాను.

మొదట స్వల్పవ్యయ యాత్రకు గల మేలును నిష్పక్షపాతముగ చెప్పవలయును. ఒక్క సంచిలో నిముడు వస్తువులతో నెలల తరబడి బ్రతుకగలుగుట యొక విధమగు అపరిగ్రహము. ఎనమండుగురు అపరిచితులతో నొక గదిలో నిద్రించువాడు కులమును, హోదాను కొంతవఱకైనను వాకిట విడిచి రావలయును. కొబ్బరిపాలతో వండిన అన్నమును చిక్కుడుగింజలను ఊరివారి సరసన కూర్చుండి తినువాడు, ఆ యూరిని అద్దపుకిటికీ వెనుకనుండి చూచువానికంటె నెక్కువ నేర్చుకొనును. రాహుల్ సాంకృత్యాయనుడు 1948 ప్రాంతమున సంచారమునే యొక శాస్త్రముగ చేసి ‘ఘుమక్కడ్ శాస్త్రము’ వ్రాసెను. ధనములేమి దేశాటనమున కడ్డుకాదని యువకులకు ధైర్యము చెప్పిన గ్రంథమది. అదే కరీబియను సముద్రమున వేలకొలది ప్రయాణికులతో తిరుగు విలాసనౌకలు గలవు. వానిలోని వారు నౌకలోనే తిని, నౌకలోనే పండుకొని, రేవున కొన్ని గంటలు మాత్రము గడపి పోవుదురు. వారి ధనములో నధికభాగము నౌకాసంస్థలకే చేరును. వీపుసంచివాని కొద్ది ధనము ఊరిలోని పూటకూటింటికిని, పడవవానికిని, రొట్టెలమ్ముకొను స్త్రీకిని నేరుగ చేరును. ఈ విషయమున బీదయాత్రికుడే గ్రామమునకు మేలైన చుట్టము.

అయినను ఇచ్చటనే చిక్కు కలదు. విలాసనౌకలో పోవు ధనికుడు నౌకాసంస్థతో బేరమాడలేడు. అది బలవంతమైన సంస్థ. చెప్పిన వెల చెప్పినట్లు పుచ్చుకొనును. చౌకయాత్రికుడో, తనకంటె బీదయైన వానితో బేరమాడును. కావున ధనికుడు బలవంతునికి నిండు వెల యిచ్చుచుండగా, మన యువకుడు బలహీనునికి కోసి యిచ్చుచున్నాడు. అతని వ్యయము నేరుగ పేదయింటికి చేరుచున్నదని యిప్పుడే మెచ్చుకొంటిమి. అట్లయిన నాతడు తగ్గించిన ప్రతి రూపాయియు నేరుగ పేదయింటినుండియే తగ్గుచున్నదని గూడ నొప్పుకొనవలయును.

“వారు ఒప్పుకొనిరి కదా” యను మాటకు బదులు వెదకుటకు సముద్రములు దాటనక్కఱలేదు. మా సీమలో సాలుకు సగటున కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు; అదియు నమ్మదగినది కాదు. రైతు వేరుసెనగ వేసి, అప్పుతో పంట చేతికి తెచ్చి, అమ్మకమునకు బయలుదేరును. కొనువాడు ఒక వెల చెప్పును. రైతు ఆ వెలకు ఒప్పుకొనును. అతడేల యొప్పుకొనెను? పంటను తిరిగి యింటికి తోలుకొనిపోవుటకు బండికూలి లేదు. అప్పులవాడు వాకిట నున్నాడు. కొనువాడు రేపటివఱకు ఆగగలడు; అమ్మువాడు ఆగలేడు. బేరములో గెలుచునది తెలివితేటలు కావు, వేచియుండగల శక్తి. ఈ సంగతిని తండ్రి ముఖమున చూచి పెరిగిన బిడ్డ, పనామాలోని బోకస్ దెల్ తోరో దీవులలో పొద్దుగ్రుంకువేళ చివరి ప్రయాణికునికొఱకు కాచుకొనియున్న పడవవాని ముఖమున దానిని గుర్తింపవలదా? అంగీకారము న్యాయమునకు గుఱుతు కావచ్చును. అవసరమునకు మాత్రమే గుఱుతు గూడ కావచ్చును. ఈ రెంటికి భేదము తెలియనివాడు చదువుకొన్నవాడు కాడు.

కాబట్టి తగ్గింపులన్నియు నొక్క జాతివి కావని గ్రహింపవలయును. నా కోరికను నేను తగ్గించుకొనుట యొకటి. ఎదుటివానికి రావలసిన దానిని తగ్గించుట మఱియొకటి. చల్లగాలి యంత్రము లేని గదిలో పండుకొనుట, రెండు మైళ్లు నడచుట, చేపలకూర మాని అరటికాయతో సరిపెట్టుకొనుట మొదటి జాతివి. వీనివలన యాత్రికుడే కష్టపడును, ఇది మితవ్యయము. పడవకూలి కోయుట, బట్టలుతికిన స్త్రీకి చిల్లర లేదని యెగవేయుట, ఊరివా రొకరు జీతమునకు చేయదగిన పనిని తాను ఉచితముగ చేసి దానికి మాఱుగ హాస్టలులో మంచమును పొందుట రెండవ జాతివి. ఈ చివరిదానిని చాలమంది తప్పుగ నెంచరు. శ్రమ చేసియే వసతి పొందితిమని గర్వింతురు గూడ. కాని గదులూడ్చి పొట్టపోసుకొనవలసిన యూరి పడుచునకు ఆ పని దొరకకపోయెనని వారికి తోచదు. లెక్కపుస్తకమున రెండు జాతులును ఒక్కటే మిగులుగ కనబడును. ధర్మము చూచినచో మొదటిది త్యాగము, రెండవది అపహారము.

దీనికి చక్కని పరీక్ష కోస్తారికా తూర్పుతీరమున కహూయితా యను నూర కలదు. ఆ సీమవాసులలో పెక్కురు 1870 తరువాత ఇనుపదారి వేయుటకును, పిమ్మట అరటితోటల పనికిని జమైకానుండి వచ్చిన కూలీల సంతతివారు. ఊరి ప్రక్కన పగడపుదిబ్బలతో గూడిన జాతీయోద్యానము గలదు. 1994లో ప్రభుత్వము విదేశీయులకు ప్రవేశరుసుమును ఒక్కుమ్మడి పెంచెను. వచ్చువారు తగ్గి తమ జీవనము చెడునని ఊరివారు ఎదిరించి, ద్వారమును తామే నిర్వహింపసాగిరి. పిదప ప్రభుత్వమును ఊరివారును కలిసి నిర్వహించు నేర్పాటు కుదిరెను. ఊరివైపు ద్వారమున నిర్ణీత రుసుమునకు బదులు, వచ్చువారు తమ యిష్టము కొలది యిచ్చు విరాళమునే స్వీకరించు పద్ధతి యేర్పడెను. ఇట్టి ద్వారముకడ బేరమునకు తావులేదు, అడుగువాడే లేడు. అచ్చట నొకడు ఏమియు వేయక లోపలికి పోయి, ‘ఉచితముగ చూచి వచ్చితి’నని మిత్రులకు చెప్పినచో, ఆతని మితవ్యయ మెట్టిదో తేటపడును. ఊరివారు అతనిని కొనుగోలుదారుగ గాక గౌరవముగల యతిథిగ నెంచి పెట్టె ముందుంచిరి. అతడు అతిథి మర్యాదను పుచ్చుకొని, అతిథి బాధ్యతను విడిచెను.

అతిథి యను మాటను మనము మిక్కిలి గౌరవముతో పలుకుదుము. తిథి నియమము లేక వచ్చువాడు అతిథి యని పెద్దలు నిర్వచించిరి. ఉపనిషత్తు అతిథిని దైవముగ చూడుమని గృహస్థునకు బోధించెను. గృహస్థుని విధులు మనకు కంఠస్థములు. అతిథి విధులు మాత్రము మఱుగుపడినవి. కాని మన స్మృతికారులు వానిని విడువలేదు. భిక్షకు పోవు యతి ఇంటిపొగ యణగిన పిమ్మట, రోకటిచప్పుడు నిలిచిన పిమ్మట, ఇంటిల్లిపాదియు భుజించిన పిమ్మటనే పోవలయునని మనుస్మృతి శాసించినది. తనకొఱకు ఎవ్వరును వండరాదు; ఎవ్వరి పాలును తఱుగరాదు. మాధుకరమను పేరు గూడ ఈ భావమునే తెలుపును: తేనెటీగ పువ్వునకు హాని చేయక కొంచెము కొంచెముగ గ్రహించునట్లు, ఏ యింటికిని బరువు కాక పలుయిండ్ల ముద్దలతో తృప్తిపడుట. లోకములో నింతకంటె చౌకయాత్రికుడు లేడు. అయినను అతని చౌక యొరుల కంచమునుండి తీసినది కాదు.

నేటి యాత్రికుడు ఒకచో అతిథి, ఒకచో కొనుగోలుదారు. ఊరివారు చిఱునవ్వుతో పలుకరింపవలయునని, దారి చూపవలయునని, తన్ను మిత్రునిగ నెంచవలయునని కోరును, అప్పుడతడు అతిథి. వెల చెల్లించునపుడు మాత్రము అంగడిధర్మము నాశ్రయించును. రెండు వేషములలో ఎప్పు డేది లాభమో దానినే ధరించుట సత్యవర్తనము కాదు.

పూర్వకాలపు యాత్ర లన్నియు నిర్దోషములని నేను చెప్పుట లేదు. మన భాషలో యాత్రాగ్రంథములకు మకుటమైనది ఏనుగుల వీరాస్వామయ్యగారి ‘కాశీయాత్రచరిత్ర’. చెన్నపట్నపు సుప్రీముకోర్టులో ఇంటర్‌ప్రిటరుగ నుండిన యాయన 1830 మే 18న బయలుదేరి, కడప, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురముల మీదుగ కాశికిపోయి, గయ, కలకత్తా, జగన్నాథముల మీదుగ 1831 సెప్టెంబరులో తిరిగివచ్చెను. ఆయన కాలమున దారిపొడుగున సత్రములు, చావడులు బాటసారులకు నీడనిచ్చుచుండెను. కాని సత్రముల భోజనపంక్తిలో కులభేదము గట్టిగ నుండెను. అన్నదానమునకు గూడ అర్హులు, అనర్హులు అను విభాగ ముండెను. యాత్రికుని పల్లకి బోయీల భుజములపై సాగెను. ఆ గ్రంథమును ప్రీతితో చదువు మనము, మోసినవారి నడకను గూడ తలచుట నేర్వవలయును. ప్రతియాత్రలోను పుణ్యము మూటగట్టుకొనువాడొకడును, మూట మోయువా డొకడును ఉన్నారు.

వీరాస్వామయ్యగారి గ్రంథము 1838లో అచ్చయ్యెను. ఆ యేటనే, మే నెల 5వ తేదిన, కలకత్తానుండి బయలుదేరిన ‘విట్‌బీ’, ‘హెస్పరస్’ అను రెండు నౌకలు మన దేశపు కూలీలను మొదటిసారిగ కరీబియను సీమలోని బ్రిటిషు గయానాకు చేర్చెను. ఆంగ్లేయుల వలసలలో 1834లో బానిసత్వము చట్టరీత్యా తొలగి, 1838లో సంపూర్ణముగ నంతరించినది. స్వతంత్రులైన నీగ్రో జాతివారు న్యాయమైన కూలి కోరుచుండగా, చెఱకుతోటల యజమానులకు చౌకకూలి కావలసివచ్చెను. పిదప చెన్నపట్నపు రేవునుండియు జనులను తీసికొనిపోయిరి. వారిలో అఱవవారును తెలుగువారును గలరు. ఫ్రెంచివారు 1854 మొదలు గ్వాదలూపు దీవికి పుదుచ్చేరి, కారైకాలు మున్నగు తావులనుండి సుమారు 42,000 మందిని చేర్చిరి. 1917లో ఈ పద్ధతి నిలుపబడులోపల గయానాకు 2,30,000కు పైగ, ట్రినిడాడునకు సుమారు 1,40,000 మంది మనవారు పోయిరి. అయిదేండ్ల ఒప్పందము, పనికి రానిచో శిక్ష, తోట దాటి పోవలెనన్న చీటి చూపవలయును. వారును వ్రేలిముద్ర వేసి ఒప్పుకొన్నవారే. వారి ఒప్పుకోలు వెనుక కఱవు లుండెను, దళారుల మాయమాటలు నుండెను. ఐరోపాలోని తేనీటిగిన్నెలో చక్కెర చౌకయగుటకు కారణము ఈ ఒప్పుకోలే.

వెస్టిండీసు పక్షమున 2012 మొదలు టెస్టు క్రికెట్టు ఆడిన గయానా బంతిగాడు వీరసామి పెరుమాళ్. ఆ పేరు మన దక్షిణదేశపు పేరని వేఱుగ చెప్పనక్కఱలేదు. ఒక వీరాస్వామి పల్లకిలో కాశికి పోయి గ్రంథము వ్రాసెను. అదే పేరు మోసిన మఱికొందఱు ఓడ యడుగున గయానాకు పోయి, చెఱకు నఱకి, గ్రంథమేమియు వ్రాయక పేరు మాత్రము మనుమలకు మిగిల్చిరి. ఇప్పుడు మన పిల్లలు ఆ సముద్రతీరమునకు విమానములో పోయి, ‘అచ్చట నంతయు చౌక’ యని చెప్పుచున్నారు. ఆ తీరమున చౌక యను మాటకు చరిత్ర గలదు. దానిలో మన రక్తసంబంధులు గలరు. దానిని తెలిసికొని పలుకుట కనీసపు మర్యాద. దూరమేల? వానలు లేని యేట మా పల్లెలనుండి మూటలు కట్టుకొని బెంగుళూరునకు పోవు కుటుంబములు గూడ ఒక గదిలో పదిమంది పండుకొనుచు, కొద్ది డబ్బుతో నెలలు గడపుదురు. వారిని యాత్రికులని యెవ్వరును మెచ్చరు. వీపుసంచివాడు తన కిష్టమైననాడు ఇంటికి తిరిగిపోగలడు. పేదతనమును కొన్నాళ్లు ధరించుటకును, పేదతనములో నుండుటకును ఇంతటి యంతరము గలదు.

ఇక ఆక్షేపణలు. ఊరివారు పరదేశికి హెచ్చు వెల చెప్పుదురు కదా, అది మోసము కాదా యందురు. అబద్ధమాడి దోచుట తప్పే, దానిని సమర్థింపను. కాని పరదేశికి వేఱు వెల యుండుట యంతయు మోసము కాదు. మన పురావస్తుశాఖవారు తాజమహలు మున్నగు కట్టడముల కడ విదేశీయులకు మనకంటె ననేక రెట్లు రుసుము నిర్ణయించిరి. మన ప్రభుత్వము బల్లగట్టి చేయు పనిని ఒక పడవవాడు నోటితో చేసినచో కోపమేల? పనామాలోని గూనా జాతివారు తమ దీవులకు వచ్చువారినుండి ప్రవేశరుసుము గైకొందురు. తమ కుట్టుపని రవికెలను ధరించిన స్త్రీలు ఫోటో తీయువారినుండి డాలరు అడుగుట గూడ వాడుక. దీనిని పిసినారితనమని హేళన చేయు యాత్రికులు గలరు. ఆ చిత్రమును లోకమునకు చూపి పేరు పొందువాడు, ముఖము గల స్త్రీకి డాలరిచ్చుటకు వెనుదీయుట వింత.

బీదవిద్యార్థు లింక లోకమును చూడవలదా యని రెండవ యాక్షేపణ. చూడవలయును. కాని నిండు వెల యిచ్చి రెండు నెలలు తిరుగలేనివాడు ఒక నెల తిరుగవచ్చును. ఐదు దేశములకు బదులు ఒక దేశము చూడవచ్చును. దేశముల సంఖ్య విద్యకు కొలత కాదు. దూరదేశము పోలేనివాడు కదిరి దగ్గఱి తిమ్మమ్మ మఱ్ఱిమానును, లేపాక్షి చిత్రములను గూడ శ్రద్ధతో చూచి విద్వాంసుడు కావచ్చును. తన శక్తికి మించిన దూరమును ఒరుల కూలితో పూరించుకొనుట మాత్రము తగదు.

ధనముతో తీఱని ఋణము మఱొకటి గలదు; అది నీరు. గూనా దీవులకు త్రాగునీటిని పూర్వమునుండి ఎదుటిగట్టు ఏళ్లనుండి దోనెలలో తెచ్చుకొనుట వాడుక. అట్టిచోట రోజునకు రెండుమాఱులు స్నానమాడి, నీటికి వెల లేదని యెంచుట ఎంతటి యజ్ఞానమో బిందె నీటికి కాచుకొనిన మా సీమ స్త్రీల నడిగిన చెప్పుదురు. ఆ దీవులలో గార్ది సుగ్దుబ్ అనుదానినుండి 2024 జూనులో సుమారు మూడువందల కుటుంబములు, సముద్రము పెరుగుచున్న కారణమున, ఎదుటిగట్టునకు తరలిపోవలసివచ్చెను. సముద్రము పెరుగుటకు దూరప్రయాణపు పొగయు నొక కారణము. టిక్కెట్టు మీది వెలలో ఆ కుటుంబముల నష్టము లెక్కింపబడలేదు.

పాఠకమహాశయులారా, విదేశయాత్ర కొందఱికే లభించును. కాని యీ ధర్మము అందఱి యిండ్లలోను పరీక్షకు నిలుచును. వాకిటికి వచ్చిన కూరలస్త్రీతో, కాశిలో రిక్షావానితో, తిరుపతిలో మూట మోసిన కూలివానితో మన మెట్లు బేరమాడుచున్నామో మన పిల్లలు చూచుచున్నారు. పెద్దసంస్థ అంగడిలో చీటి మీది వెల నోరెత్తక చెల్లించి, గంపవారికడ గెలిచి, ఆ గెలుపును భోజనమువేళ చెప్పుకొను గృహమున పెరిగినవాడు బోకస్ దీవులలో వేఱుగ నేల ప్రవర్తించును? బిడ్డను యాత్రకు పంపునపుడు ఆతని చేత రెండు వరుసల లెక్క వ్రాయింపుడు. ఒక వరుసలో తన కోరికలను తగ్గించుకొని మిగిల్చినది, రెండవ వరుసలో ఒరులు తగ్గించుకొనగా తనకు మిగిలినది. రెండవ వరుసలోనిది తిరిగి చెల్లింపవలసిన యప్పు. ఊరు విడుచుటకు ముందే దానిని తీర్చి రమ్మని చెప్పుడు.